ఎర్ర కిటికీ అక్కడిది, నల్ల కిటికీ ఇక్కడిది

మా కోడలు బీష్యాకి నోట్లో నాలుక లేదు. మాటలన్నీ ఆ కంప్యూటరుతోనే. మేముండేది కీలుంగ్ రేవులో. వాళ్ళ నాన్న చేపపిల్లల తొట్లేమో సముద్రం అవతల, పెంగ్‌హూ దీవిలో. ఇది ఇక్కడ తెర మీది నల్ల కిటికీలో రెండు ముక్కలు కొడితే అక్కడి కంప్యూటరు మిషను తొట్లలోకి గాలి కొట్టిస్తుంది. స్క్రిప్టు నడపడమట.

"మంత్రాలేవో బాగానే వేస్తున్నావే" అంటే, "మంత్రం కాదత్తయ్యా, చెయ్యాల్సిన పనులు వరసగా రాసిపెట్టడమే" అంటుంది.

"అయితే నా వంట కూడా రాసిపెట్టు."

ఓ పొద్దున బజారుకి బయల్దేరాం. రెండు కిటికీలూ తెరిచున్నాయి, ఒకటి మనింటిది, ఒకటి అక్కడిది, రెండూ నలుపే. బీష్యా మనింటి మిషను ఆపబోయి అక్కడిది ఆపేసింది. మొహం సున్నం కొట్టినట్టయింది.

"మళ్ళీ వెయ్యవే!"

"ఆగిపోయిందానికి నా మాటెలా వినిపిస్తుందత్తయ్యా? ఎవరో వెళ్ళి బొత్తాం నొక్కాలి. గాలి లేకపోతే పిల్లలు కాసేపే బతుకుతాయి." వాళ్ళ నాన్న పడవ మీదున్నాడు, ఫోను మోగట్లేదు.

ఆ తొట్ల పక్కనే మా అతావ్ ఆల్చిప్పలు ఒలుస్తుంది. నా చిన్ననాటి స్నేహితురాలు. దానికి ఫోను కొట్టా.

"ఒసే, బతికున్నావా?"

"నువ్వు పోయాకే నేను పోయేది. చెప్పు."

"కత్తి పారేసి బీష్యా వాళ్ళ షెడ్డుకి పరిగెత్తు. మిషను బొత్తాం నొక్కు."

పోయింది, రొప్పుతోంది. "మూడు పెట్టెలున్నాయే ముసల్దానా! ఏది?"

బీష్యా నా చేతిలో ఫోను లాక్కుంది. "పిన్నీ, ఆకుపచ్చ పొట్లం పెట్టుంటుంది, అది!" మిషను బుద్ధిగా ఉండాలని ఈ కంప్యూటరు వాళ్ళంతా దాని నెత్తిన పెట్టే చిరుతిండి పొట్లంలే.

"ఉంది. తినెయ్యనా?"

"ముందు నొక్కి చావవే!" అని అరిచా.

కిటికీలో అక్షరాలు కదిలాయి. బీష్యా మళ్ళీ ఆ రెండు ముక్కలూ కొట్టింది. ఫోనులో గుడగుడమని నీళ్ళ చప్పుడు.

"కదుల్తున్నాయే, పిల్లలు కదుల్తున్నాయి" అంది అతావ్, ఎప్పుడూ లేనంత మెల్లగా.

మా కోడలు వంటింటి చేపల వాసన కొట్టే నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. పెళ్ళై వచ్చినప్పట్నుంచీ అదే మొదటిసారి. జుట్టు సర్దుతూ కూర్చున్నా. బజారు ఎక్కడికి పోతుంది?

ఇప్పుడు అక్కడి కిటికీకి ఎర్ర రంగేసింది. అయినా ఏదైనా ఆపేముందు కేకేస్తుంది.

"అత్తయ్యా, ఇప్పుడెక్కడున్నాం?"

పొయ్యి తగ్గించి వెళ్ళి చూస్తా. "ఎరుపు. మీ నాన్న దగ్గరున్నాం. చెయ్యి తియ్యి."