తాడు పట్టేవాడు

తనకు ఏమీ కాని మనిషి చేతిలో ప్రాణం పెట్టమని ఇంకొకరిని ఎట్లా ఒప్పించాలి? దేశంలో అందరికీ వైద్యం అందాలనేవాళ్ళ మాటలు, అది అయ్యే పని కాదనేవాళ్ళ మాటలు ఎన్ని విన్నా ఈ ఒక్క ప్రశ్నకు ఇంతవరకు జవాబు దొరకలేదు. బయన్న గుర్తొచ్చినప్పుడల్లా అది మళ్ళీ మొదటికే వస్తుంది.

బయన్నది అమ్రాబాద్ దాటి లోపలికి పోతే వచ్చే ఒక చెంచుపెంట. గుప్పెడు గుడిసెలు, చుట్టూ నల్లమల. తేనె తీయడం అతని పని. కొండ అంచున చెట్టుకు తాడు కట్టి, దాన్ని పట్టుకుని లోయలోకి దిగాలి. పొగ పెట్టి ఈగలను లేపి, గాలిలో వేలాడుతూనే పట్టు కోసుకోవాలి. పైన తాడు దగ్గర కూర్చోవడానికి ఎవరంటే వాళ్ళు పనికిరారు. తోడబుట్టినవాడున్నా కూర్చోబెట్టరు. పెళ్ళాం తోడబుట్టినవాడే, బావమరిదే కూర్చోవాలి. తాడు జారితే చెరిగేది అతని అక్క బొట్టు. కాబట్టి చేతులు కోసుకుపోయినా వదలడు.

బయన్న పెళ్ళయిన ఏడాది మొదలు ఆ తాడు బావమరిది శ్రీనివాస్ చేతిలోనే ఉంది. ఇద్దరికీ తలలు నెరిశాయి, ఒక్కనాడూ కాలు జారలేదు. అట్లాంటి బయన్న సరుకులు తెచ్చుకుంటూ రోడ్డు మలుపులో ఆటోలోంచి పడ్డాడు. చీలమండ దగ్గర ఎముక విరిగి పక్కకు జరిగింది. భార్య అలివేలమ్మ అతన్ని అడవి దించి, మైదానంలోని ఒక సర్కారు దవాఖానలో చేర్చింది.

వార్డులో పక్క మంచం వీపనగండ్ల రైతు భీమన్నది. తొడ ఎముక విరిగి కదలలేడు కానీ నోరు ఊరుకోదు.

"గుట్టమీదికెల్లి పడనోనివి ఆటోలకెల్లి ఎట్ల పడితివయ్యా?"

"గుట్టకు తాడుంటది. ఆటోకు ఏముంటది?" అన్నాడు బయన్న.

వార్డంతా నవ్వింది. అతను అక్కడ అందరినీ నవ్వించింది అదొక్కసారే.

ఎదురు మంచంలో నరేందర్ సారు ఉండేవాడు. వనపర్తిలో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి, మెడకు కట్టిన గుడ్డలో విరిగిన చెయ్యి. రోజూ పొద్దున్నే తన ఫ్లాస్కులోంచి బయన్నకు చాయ పోసిచ్చి, భీమన్నతో వాదం అందుకునేవాడు. బడి ఎట్లాగో దవాఖాన అట్లాగే కావాలని, కూలివాడికీ కలెక్టరుకూ ఒకటే మంచం, ఒకటే మందు ఉండాలని ఆయన మాట. భీమన్న ఒప్పుకోడు. అందరికీ అన్నది ఏదైనా చివరికి పురుగుల బియ్యమే అయితదని, ఉట్టిగ వచ్చినదాన్ని ఎవడూ లెక్కచెయ్యడని అతని మాట. వాళ్ళు ఎవరి గురించి కొట్లాడుకుంటున్నారో బయన్నకు తెలియదు. చాయ తాగుతూ వినేవాడు.

ఎముకల డాక్టర్ శ్రవణ్ కుమార్ వచ్చి చూశాడు. ఆపరేషన్ చేసి ప్లేటు వేయాలి, రూపాయి కట్టక్కర్లేదు. మత్తు డాక్టర్ వారానికొకసారే వస్తాడు, కాబట్టి ఆ రోజు తప్పిపోకూడదు. ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కుంటుంది, ఇంక కొండలూ గుట్టలూ మరిచిపోవాల్సిందే అన్నాడు. బయన్నకు ఆ ఆఖరి మాట బాగా అర్థమైంది. మత్తు అంటే ఏమిటని అలివేలమ్మ అడిగితే నర్సు ప్రేమలత వివరంగా చెప్పింది. ఒళ్ళు తెలియదు, ఏమీ కనిపించదు, పనయ్యాక మేమే లేపుతాం అంది.

అంటే లోయలోకి దిగడమే అనుకున్నాడు బయన్న. పైకి ఎవరో లాగాలి.

శ్రీనివాస్ అడవిలో కాపలా పనిలో ఉన్నాడు. లోపలి క్యాంపులో ఫోన్ పలకదు. అలివేలమ్మ జీపువాళ్ళతో కబురు పెట్టింది. ఆపరేషన్ రోజు వచ్చింది కానీ శ్రీనివాస్ రాలేదు. బయన్నను బండి మీద పడుకోబెట్టి ఆపరేషన్ గది తలుపు దాకా తీసుకుపోయారు. అక్కడ అతను రెండు చేతులతో తలుపు చెక్కను పట్టుకున్నాడు. బావమరిది వచ్చేదాకా ఆగమన్నాడు. ఎందుకో అలివేలమ్మ చెప్పింది. విన్నవాళ్ళెవరూ నవ్వలేదు.

"నేనుంట కదన్నా. నీ చెయ్యి ఇడువ," అంది ప్రేమలత.

"నువ్వు నాకేమైతవమ్మా?"

నొప్పించాలని అడిగిన మాట కాదు, నిజంగానే అడిగాడు. ఏ వరస చెప్పాలా అని ప్రేమలత డాక్టర్ వైపు చూసింది. డాక్టర్ ముందుకొచ్చి, ఇది తాము రోజూ చేసే పనేనని, భయం లేదని నెమ్మదిగానే చెప్పాడు.

"మంచోనివే సారూ. కానీ నేను సస్తే నీకేం పోతది?"

డాక్టర్‌కు కోపం రాలేదు. గోడ గడియారం చూసి, తరవాతి మనిషిని తీసుకురమ్మన్నాడు. సాయంత్రం మత్తు డాక్టర్ కారెక్కి వెళ్ళిపోయాడు.

వార్డులో భీమన్న గెలిచాడు. ఉట్టిగ ఇస్తే ఏమైతదో కండ్లార చూస్తివి కద సారూ అన్నాడు. నరేందర్ సారు బయన్న మంచం దగ్గరికొచ్చి నిలబడ్డాడు, ముఖం ఎర్రబడి ఉంది.

"ఇన్నొద్దులు నీ కోసమే కదయ్యా నేను కొట్లాడింది? నువ్వే నా నోరు మూయిస్తివి."

తన కోసం ఒకరు కొట్లాడుతున్నారని బయన్నకు అప్పుడే తెలిసింది. కాలి కట్టు వైపు చూశాడు. మర్నాడు పొద్దున ఫ్లాస్కు మూత తెరుచుకుంది కానీ చాయ ఈ మంచం దాకా రాలేదు.

ఆ పూటే శ్రీనివాస్ వచ్చాడు. రాత్రంతా నడిచి, దొరికిన బండ్లు మారి వచ్చాడు. ఇంకా చెప్పులు విప్పకముందే "యాడ పట్టాలె బావా?" అన్నాడు. పట్టడానికి ఏమీ లేదని అలివేలమ్మ చెప్పింది. మత్తు డాక్టర్ మళ్ళీ వచ్చేది వచ్చే వారమే. వచ్చే వారం తనకు లోపలి కాపలా, రావడం కుదరదన్నాడతను. బయన్న మంచం మీద లేచి కూర్చున్నాడు.

"పోదాం."

కాలు వంకరైతే మళ్ళా తాడు మీద దిగలేవని అలివేలమ్మ ఒక్కసారి అంది. అతను తల ఊపాడు. ఆమె దుప్పటి మడత పెట్టింది.

మధ్యాహ్నం అన్నం బండి వచ్చింది. నడవగలిగినవాళ్ళంతా గిన్నెలతో వరండాలోకి పోయారు. శ్రీనివాస్ వంగితే బయన్న అతని వీపునెక్కాడు. అలివేలమ్మ మూట పట్టుకుని ముందు నడిచింది. వరండాలో నరేందర్ సారు ఇటు వీపు పెట్టి, కొత్తగా చేరిన ఎవరికో చెబుతున్నాడు. మా వార్డుల ఒక చెంచాయన ఉన్నడు, మంచి మనిషి, కానీ... అని ఆయన గొంతు.

పక్కనుంచి పోతున్నప్పుడు బయన్న చెయ్యి ఆయన భుజం మీదికి లేచింది. అంత దగ్గరగా ఉన్నాడు. ఆ చెయ్యి అట్లాగే కాసేపు గాలిలో ఉండి, తిరిగి బావమరిది మెడను చుట్టుకుంది. శ్రీనివాస్ ఒక్కొక్క మెట్టే చూసుకుంటూ దిగాడు.