చెల్లె కోసం తగ్గవలసిన పదహారు కిలోలు

నా కిడ్నీ మా చెల్లెకు సరిపోతుందని తేలిన రోజే, అది ఇవ్వాలంటే ముందు నేను పదహారు కిలోలు తగ్గాలని కూడా తేలింది. హైదరాబాదు దవాఖానలో డాక్టరు నా కాగితాలు రెండుసార్లు తిరగేశాడు.

"రక్తం కలిసింది. మిగతావన్నీ బాగానే ఉన్నాయి. కానీ తొంభై ఐదు కిలోల మనిషిని నేను టేబుల్ ఎక్కించను. బీపీ కూడా అంచు మీద ఉంది. డెబ్భై తొమ్మిదికి దిగి రండి, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు.

ఆయన నాకంటే ఇరవై ఏళ్లు చిన్న. అంతవరకు నన్ను ఎవరూ అలా తూకం వేసి మాట్లాడలేదు. లేచి బయటికి వచ్చేశాను. చెల్లె నా వెనకే వచ్చింది. వరండాలో గోడకు ఆనుకొని నిలబడి నా పొట్ట వంక చూసి నవ్వింది.

"బాపు పొట్ట నీకు ఆస్తిగ వచ్చిందన్నా. భూములన్నీ పోయినయ్ గని గదొక్కటి మాత్రం నువ్వు అమ్మలేదు."

"నవ్వుకో. నాలుగు నెలల్ల దించుత."

"దించకుంటే?"

"మన ఇంట్ల ఎవలన్న మాట తప్పిండ్రా?"

"మాట తప్పలేదు. అన్నం కూడ తప్పలేదు గద. గదే నా ఫికర్."

చెల్లె నాకంటే ఆరేళ్లు చిన్నది. కందుకూరులో ఇచ్చాం. పిల్లలు లేరు. బావ ఇస్తానన్నాడు కానీ ఆయన రక్తం కలవలేదు. వారానికి మూడు రోజులు మిషన్ దగ్గర పడుకొని రక్తం కడిగించుకోవాలి. నీళ్లు కూడా కొలుచుకొని తాగాలి. బాపు పోయాక నన్ను ఎదిరించి మాట్లాడే మనిషి లోకంలో అదొక్కతే మిగిలింది.

ఏం తినాలో చెప్పడానికి ఆ దవాఖానలోనే ఒక అమ్మాయి ఉండేది. పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం తింటారో చెప్పమంది. దాచకుండా చెప్పాను. ఆమె ఒక కాగితం మీద పళ్లెమంత గుండ్రం గీసింది. సగం కూరగాయలు, పావు పప్పో మాంసమో, మిగిలిన పావులో అన్నం. నేను ఆ పావు వంక చాలాసేపు చూశాను. మా ఇంట్లో పిల్లికి వేసేది కూడా అంతకంటే ఎక్కువే.

"ముందు కూర తినండి, చివరికి అన్నం. రాత్రి ఏడు లోపల తినేయండి. రాత్రికి అన్నం బదులు జొన్నరొట్టె. రోజూ నడవండి. వారానికి ఒకే రోజు, ఒకే వేళకు బరువు చూసుకోండి" అని చెప్పి, నేను లేస్తుంటే మళ్లీ కూర్చోబెట్టింది. "ఒక్క మాట సార్. ఆకలితో మాడొద్దు. మాడి తగ్గినవాళ్లు మళ్లీ పెరుగుతారు. బతికినంత కాలం ఏది తినగలరో అదే ఇవాళ్టి నుంచి తినండి."

కష్టం అన్నం దగ్గర రాలేదు. రొట్టె దగ్గర వచ్చింది.

మా ఇంట్లో జొన్నలు పొలం పనికుండే జీతగాళ్లవి. వెనక దొడ్లో పెద్ద గంజుల్లో జొన్నరవ్వతో గట్క వండేవారు, రొట్టెలు కాల్చేవారు. ముందు హాల్లో మేము సన్నబియ్యం తినేవాళ్లం. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. కప్పు కూలాక స్థలం కూడా పోయింది. పొలాలన్నీ ప్లాట్లయి, రాళ్లు పాతుకొని ఉన్నాయి. నేనూ నా భార్యా ఇబ్రహీంపట్నంలో మార్కెట్ వెనక రెండు గదుల పోర్షన్లో అద్దెకు ఉంటున్నాం. గోడ అవతల మనిషి దగ్గితే ఇవతలికి వినపడుతుంది. అలాంటి చోట సాయంత్రం ఆరింటికి నా ఇంట్లోంచి రొట్టె తట్టే చప్పుడు పోవడం నాకు తలవంపులనిపించింది. తలుపు వేసి తట్టమన్నాను.

బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు కాల్చే ఆడవాళ్ల ముందు అప్పటికే కార్లు ఆగుతున్నాయి. అయినా నాకు తలుపు వేసి ఉండాలి.

"నీకు రొట్టె వచ్చునా?" అని అడిగాను మొదటిరోజు.

నా భార్య పిండి కలుపుతూ తల ఎత్తలేదు. "మా తల్లిగారింట్ల పెరిగిందే దీని మీద. ముప్పై ఏండ్ల సంది మీ ఇంట్ల చెప్పలేదు, గంతే."

తలుపు వేసుకొని తిన్నాం. సొరకాయ కూర, పెసరపప్పు, రెండు రొట్టెలు, పల్చటి మజ్జిగ. మొదటి పదిరోజులు ఏడు దాటాక పడుకోలేక గదిలో అటూ ఇటూ తిరిగేవాణ్ణి. తర్వాత కడుపే సర్దుకుంది. పొద్దున్నే చెరువు కట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరికి నడిచేవాణ్ణి. ఆదివారం పొద్దున బరువు చూసుకొని చెల్లెకు ఫోన్ చేయాలి. అది మా ఒప్పందం.

"ఎంత?"

"తొంభై ఒకటి."

"నేను నిన్న మూడు గ్లాసులే తాగిన. నాలుక పిడచ గట్టింది. నువ్వు ఇంకో రొట్టె అడిగినవా వదినను?"

"అడగలె."

"నిజం చెప్పు."

"అడిగిన. మీ వదిన ఎయ్యలె."

ఫోన్లో దాని నవ్వు వినడానికి నేను ఇంకో కిలో తగ్గేవాణ్ణి. నాలుగో నెల చివరికి ఎనభై నాలుగుకు వచ్చాను. నాలుగు నెలల్లో మొత్తం దించుతానన్న మాట నిలవలేదు కానీ, ఇంకో రెండు నెలలు చాలు. డాక్టరు కూడా సరేనన్నాడు.

అప్పటికి నా చొక్కాలు వదులయ్యాయి. మెడ దగ్గర చర్మం వేలాడింది. ఛాయ్ హోటల్లో ఒకరిద్దరు అడిగారు. "పటేలా, షుగరా?" కాదన్నాను. ఇంకేం చెప్పలేదు. భూములు పోయి అద్దె ఇంట్లో ఉంటున్న పటేలు ఉన్నట్టుండి చిక్కిపోతే, రోగం కాదంటే, ఊరికి తోచే కారణం ఇంకొక్కటే. ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

ఒక పొద్దున తలుపు చప్పుడైతే తీశాను. వాకిట్లో ఆటో ఆగి ఉంది. గడప మీద బియ్యం బస్తా. పక్కన ఒక మనిషి. వాళ్ల నాయిన మా ఇంట్లో ఇరవై ఏళ్లు జీతం ఉన్నాడు. ఈయన ఇప్పుడు ప్లాట్ల వ్యాపారం చేస్తాడు, పొలం కూడా ఉంది. చెడ్డవాడు కాడు. ఎదురుపడితే ఇప్పటికీ బండి దిగి మాట్లాడతాడు.

"ఏమనుకోకున్రి పటేలా. మా పొలంల కొత్త బియ్యం. సన్నయి. జర వండిపిచ్చుకొని చూడున్రి."

"ఎందుకు?"

"ఊకెనే. మా నాయిన మీ ఇంట్ల తిన్నడు గద." చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బస్తా మూతి సవరించాడు. "మీరు శాన చిక్కిన్రు. మొన్న కట్ట మీద చూస్తే నా పానం అదోలెక్కయింది."

ఒక్క మాట చెబితే అయిపోయేది. నా చెల్లెకు కిడ్నీ ఇవ్వాలి, అందుకే తగ్గుతున్నాను అంటే, ఆ మనిషి నా చేతులు పట్టుకొని పోయేవాడు. నా నోటి నుంచి ఆ మాట రాలేదు. నడుము నిటారుగా పెట్టి నిలబడ్డాను.

"మా ఇంట్ల బియ్యం ఉన్నయి. తీస్కపో."

"పటేలా, తప్పేమన్న మాట్లాడిన్నా?"

"తీస్కపో అన్న."

బస్తా తనే భుజాన వేసుకొని ఆటోలో పెట్టుకున్నాడు. ఆటో మలుపు తిరిగేదాకా గడపలోనే ఉన్నాను.

"చెల్లె కోసమని ఒక్క మాట చెప్పరాదా?" అంది నా భార్య వెనక నుంచి.

"మన ఇంటి ఆడపిల్ల రోగం బజార్ల చెప్పుకోవాల్నా?"

ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం అన్నం కొలత గిన్నె పక్కన పెట్టేసి, హస్తం గరిటెతో వేయమన్నాను.

అవి పెళ్లిళ్ల రోజులు. మా ఊళ్లలో పాత మర్యాద కొంత మిగిలే ఉంది. మమ్మల్ని పిలుస్తారు, ముందు వరుసలో కూర్చోబెడతారు. అంతకుముందు నాలుగు నెలలు అక్షింతలు వేసి ముద్ద ముట్టకుండా వచ్చేవాణ్ణి. బస్తా వచ్చిన వారంలోనే ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి. అందరికీ కనపడేలా నడి బల్ల దగ్గర కూర్చున్నాను. బగారన్నం, మటన్, చివర డబల్ కా మీఠా. వడ్డించేవాడు ముందుకు జరగబోతే ఆపి, "ఇంకొంచెం వెయ్" అన్నాను, పక్క బల్లకు వినపడేలా.

బియ్యం తెచ్చిన మనిషి నాలుగు బల్లల అవతల కూర్చొని ఉన్నాడు. నా పళ్లెం చూశాడు. నేను తినడం చూశాడు. అతని ముఖం తేటపడింది. నేను గెలిచాననుకున్నాను.

ఆ తర్వాత ఒక గృహప్రవేశం, ఒక పుట్టువెంట్రుకలు, ఇంకా నాలుగైదు పెళ్లిళ్లు. నాదర్‌గుల్ దాకా పోయి తిని వచ్చాను. ఇంట్లో రొట్టెలు మానేశాం. కట్ట మీదికి పోతే చిక్కిన మనిషి నడుస్తున్నాడంటారని అటు పోలేదు. బరువు మిషన్ మంచం కిందికి తోశాను. ఆదివారం మాత్రం ఫోన్ చేయక తప్పదు.

"ఎంత?"

"ఎనభై మూడు."

మరుసటి వారం ఎనభై రెండున్నర అన్నాను. ఆ తర్వాత ఎనభై రెండు. కిలోకు కిలో తగ్గిస్తే అనుమానం వస్తుందని అర కూడా కలిపాను. అటు నుంచి చెల్లె "షాబాష్ అన్నా" అనేది. మాట తప్పని ఇల్లు మాది.

మూడు నెలల తర్వాత దవాఖాన నుంచి పిలుపు వచ్చింది. పోకుండా ఉండటానికి కారణం వెతికాను, దొరకలేదు. చెల్లె కూడా వచ్చింది. మిషన్ ఎక్కాను. ఎర్రటి అంకెలు కొంచెంసేపు ఊగి తొంభై రెండు దగ్గర ఆగాయి. డాక్టరు కాగితం మీద రాసుకొని, బీపీ చూసి, అదీ రాసుకొని, "మళ్లీ మొదటి నుంచి" అన్నాడు.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాం.

"ఎనభై రెండన్నవ్ గద."

బీపీ కోసం మడిచిన చొక్కా చేయి కిందికి దించుకున్నాను.

"మిషిన్ తప్పా అన్నా?"

"కాదు."

బస్తా సంగతి, పెళ్లి సంగతి, అన్నీ చెప్పాను. అది మధ్యలో ఆపలేదు.

"గంతేనా? ఒక్క మాట చెప్తే అయిపోతుండె."

"మన ఇంటి పరువు..."

"నేను పోయినంక ఏ ఇంటిదన్నా పరువు? నాకంటె ఊరోళ్లు ఎక్కువైన్రా నీకు?"

ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. సంచిలోంచి నీళ్ల సీసా తీసి, ఒక్క గుక్క నోట్లో పోసుకొని, చాలాసేపు నోట్లోనే ఉంచుకొని మింగింది. మూత గట్టిగా బిగించి సీసాను మళ్లీ సంచిలో పెట్టుకుంది. దానికి ఆ రోజు తాగడానికి ఇంకా ఎంత మిగిలి ఉందో నేను అడగలేదు.

మరుసటి పొద్దున ఛాయ్ హోటల్‌కు పోయి, పది మంది ముందు చెప్పాను. నా చెల్లెకు కిడ్నీలు పోయినయి, నాది ఇస్తున్నాను, అందుకే తగ్గుతున్నాను అని. ఎవరూ నవ్వలేదు. హోటలాయన అడగకుండానే చక్కెర లేని ఛాయ్ నా ముందు పెట్టాడు. ఆ తర్వాత ఏ దావత్‌లోనూ నా పళ్లెంలో ఎవరూ బలవంతంగా వడ్డించలేదు. పెరుగు, కీరముక్కలు ముందే తెచ్చి పెట్టేవారు. బియ్యం తెచ్చిన మనిషి రోడ్డు మీద బండి ఆపి, "ముందుగాల్నే చెప్తే నేనే మీ పళ్లెం కాడ కాపలా ఉందును గద పటేలా" అన్నాడు. ఇంత సులువైన పనికి నేను మూడు నెలలు పెట్టాను.

తలుపు తెరిచే రొట్టెలు తట్టమన్నాను. ఈసారి బరువు మొదటిసారి కంటే నెమ్మదిగా దిగింది. ఒళ్లు ఒకసారి మోసపోయాక మళ్లీ నమ్మదేమో. ఆదివారం ఫోన్ చేసి బరువు చెప్పి, మిషన్ ఫోటో కూడా పంపేవాణ్ణి. అది అడగలేదు, నేనే పంపేవాణ్ణి. ఎనభై ఎనిమిది. ఎనభై అయిదు. చాలా వారాలు ఎనభై ఒకటి దగ్గరే ఆగిపోయి, ఏడో నెలలో ఒక ఆదివారం డెబ్భై తొమ్మిది కనిపించింది. ఫోటో తీయకుండా ముందు ఫోనే చేశాను.

బావ ఎత్తాడు. "రాత్రి చలిజ్వరం వచ్చింది బావా. దవాఖానల ఏసిన్రు."

రక్తం కడిగే పైపు దగ్గర చీము పట్టి లోపలికి పాకిందన్నారు. గుండె కూడా బలహీనపడిందన్నారు. ఇప్పుడు ఆపరేషన్ మాట ఎత్తొద్దు, ఆ గుండె తట్టుకోదు అన్నాడు డాక్టరు. నేను ఆయన గదిలో వదులు చొక్కాతో నిలబడి ఉన్నాను. నా కాగితం మీద డెబ్భై తొమ్మిది ఉంది. బీపీ బాగుంది.

మంచం దగ్గరికి పోతే చెల్లె కళ్లు తెరిచింది. నా మణికట్టు పట్టుకొని చూసింది. దాని వేళ్లు ఒకదానికొకటి అందాయి.

"సన్నవడ్డవ్ అన్నా. మంచిగున్నవ్."

తొమ్మిది రోజులు ఉంది.

మొదట అనుకున్నప్పుడే చేసినా ఏమయ్యేదో చెప్పలేమని డాక్టరు తర్వాత నాతో అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. నేను తల ఊపాను. చెప్పలేమన్నది నిజమే. బస్తా వచ్చాక ఆ మూడు నెలలు నేను ఎక్కడ కూర్చొని ఏం తిన్నానో మాత్రం నాకు తెలుసు.

ఇది జరిగి మూడేళ్లయింది. నా బరువు ఎనభై దాటలేదు. తగ్గడం కంటే తగ్గిన చోట నిలబడటం కష్టమని అందరూ అంటారు. ఎట్లా నిలబెట్టుకున్నారని చుట్టాలు ఫోన్ చేసి అడుగుతారు. ఆ అమ్మాయి చెప్పినవే చెబుతాను. ముందు కూర, చివరికి అన్నం, ఏడు లోపల రొట్టె, పొద్దున నడక, ఆదివారం తూకం. మాడొద్దని కూడా చెబుతాను. ఇంకేం చెప్పను. ఆదివారం తూకం చూశాక ఫోన్ చేతిలో పట్టుకొని కాసేపు కూర్చుంటానని ఎవరికీ చెప్పలేదు.

మొన్న బీపీ మందులు మార్చాలంటే పరీక్షలు చేయించమన్నారు. ఇక్కడే బస్టాండు పక్క ల్యాబులో ఇచ్చాను. సాయంత్రం కాగితం ఇస్తూ అక్కడి మనిషి తనకు తెలిసిన మేరకు చదివి చెప్పాడు.

"ఫికర్ లేదు సార్. మీ కిడ్నీలు రెండూ మస్తుగ పనిచేస్తున్నయి."

కాగితం మడిచి జేబులో పెట్టుకొని ఇంటికి నడిచాను. నా భార్య పొయ్యి దగ్గర ఉంది. ఏమన్నారని అడిగింది.

"రెండూ మంచిగున్నయట" అన్నాను.

ఆమె చేతిలోని రొట్టె పెనం మీద వేయకుండా అట్లాగే పట్టుకొని నిలబడింది.