కానగనూనె పోసిన ఆటో

ముదిగుబ్బ ఆటో స్టాండులో మాది పదకొండో నంబరు. నా భర్త పోయాక నాకు మిగిలినవి రెండే: ఏడు సీట్ల డీజిల్ ఆటో, ఆ నంబరు. నిజం చెప్పాలంటే ఆటో కంటే నంబరే పెద్దది. ఆటో ఎవరైనా కొనుక్కోవచ్చు. నంబరు లేకపోతే దాన్ని స్టాండులో నిలబెట్టనివ్వరు, జనాన్ని ఎక్కించుకోనివ్వరు. దాని కోసం ఎప్పుడూ ఒకరిద్దరు కాచుకుని ఉండేవాళ్ళు.

స్టాండుకు ఒక కట్టుబాటు ఉంది. వరసగా పది రోజులు బండి వంతుకు రాకపోతే నంబరు వేరేవాళ్ళకు పోతుంది. కిరసనాయిలు పోసి తోలితే ఆ రోజే పోతుంది, ఎందుకంటే ఆ పొగకు జనం స్టాండునే తిట్టుకుంటారు. పెళ్ళయినా, జ్వరమైనా, చావైనా పది రోజులే. ఈ తీర్పులన్నీ చెప్పేది స్టాండు పెద్ద. ఒకప్పుడు లారీ తోలిన మనిషి, ఎవరి మొహమూ చూసేవాడు కాదు. నా భర్త చనిపోయినప్పుడు కర్మ పదకొండో రోజు పడింది. తొమ్మిదో రోజే నా తమ్ముడు బండి తీసుకుపోయి వంతులో నిలబెట్టి వచ్చాడు. ఊళ్ళో కొందరు తప్పుపట్టారు. నేను పట్టలేదు. అప్పటి నుంచి బండి తోలేది తమ్ముడే.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే తమ్ముని కూతురు రాస్తోంది.

అప్పట్లో ఏ బండి ఏం తాగుతోందో పొగను బట్టి చెప్పేవాళ్ళం. కదిరిలో వంటగ్యాసుతో తిరిగే వ్యాన్లు ఉండేవి. సీటు కింద గ్యాసు బండ, సీటు పైన జనం. కిరసనాయిలు బండి పోయిన దారిలో కళ్ళు మండేవి. కొందరు డీజిల్‌లో ఏదేదో కలిపేవాళ్ళు, అడిగితే నవ్వేవాళ్ళు. ఎవరి తిప్పలు వాళ్ళవి. వరసగా ఏళ్ళ తరబడి వానలు లేవు. బుడ్డలు, అంటే వేరుశనగ, వేసిన చేనులో విత్తనం కూడా తిరిగి రాలేదు. చేతిలో దుడ్లు లేని జనం ఆటో ఎక్కకుండా నడిచిపోయేవాళ్ళు. ముగ్గురితో ట్రిప్పు వేస్తే వచ్చింది డీజిల్‌కే సరిపోయేది.

అట్లాంటప్పుడు మా ఊరి బడి దగ్గరికి ఒక జీపు వచ్చింది. అందులోంచి ఒక సారు దిగాడు. చేనుకు నీళ్ళు తోడే డీజిల్ ఇంజనును కిందికి దించి, అందులో కానగనూనె పోసి తిప్పి చూపించాడు. ఇంజను ఆగకుండా తిరిగింది. ఊరంతా చుట్టూ మూగింది.

"వట్టి కానగనూనేనా సార్?" అని ఎవరో అడిగారు.

"మీ వంకల గట్ల మీద ఊరికే రాలిపోతున్న గింజలే. బీళ్ళలో కానగ మొక్కలు పెట్టుకోండి. రేపు బస్సులు కూడా దీంతోనే పోతాయి" అన్నాడు సారు.

ఆ తర్వాత ఆయన ఇంకా చాలాసేపు మాట్లాడాడు. ఆ నూనెను స్పిరిటుతో, సోడాతో కాచాలని, కడిగి తేర్చి తేమ తీసేయాలని చెప్పాడు. ఆ మాటలు నాకు తర్వాత గుర్తుకొచ్చాయి. ఆ రోజు మాత్రం అందరి కళ్ళూ తిరిగే చక్రం మీదే ఉన్నాయి.

తమ్ముడు దారిలో అన్నాడు: "అక్కా, నీళ్ళింజను తిరిగినప్పుడు ఆటో తిరగదా? అదీ డీజిల్ ఇంజనే, ఇదీ డీజిల్ ఇంజనే."

"తిరిగితే తిరుగుతాది. గింజలు నేనేరుకొస్తా" అన్నాను.

కరువులో మా వైపు పచ్చగా ఉండేది కానగ చెట్టే. మేకలు కూడా దాని జోలికి పెద్దగా పోవు. వంక గట్టు పొడుగునా కాయలు రాలి ఉండేవి. ఎండాకాలమంతా పొద్దున్నే పోయి ఏరి, ఎండబెట్టి, కట్టెతో కొట్టి గింజలు తీశాను. చేతులకు ఆ చేదు వాసన పట్టుకుని అన్నం తినేటప్పుడు కూడా వదిలేది కాదు.

పక్క ఊళ్ళో కరెంటు గానుగ ఉంది. మొదటిసారి అక్కడే ఆడించాను. గానుగలో గింజలు నలిగేటప్పుడు కొన్ని నీళ్ళు చల్లుతారు. అప్పుడే పిండి గట్టిపడి నూనె వదులుతుంది. ఆ నీళ్ళు నూనెలో కొంచెం దిగుతాయి. అందుకని ఇంటికి తెచ్చాక ఆముదం వండినట్టే వండాను. సన్నటి మంట మీద పెడితే నూనె చిటపటలాడుతుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగిందంటే నీళ్ళు పోయినట్టు. దించి, ఒక రోజు తేర్చి, పాత చీర నాలుగు మడతలు వేసి వడగట్టాను. రెండు పాళ్ళ డీజిల్‌కు ఒక పాలు నూనె కలిపి పోశాం. ఆటో పోయింది. పొగ తెల్లగా, చేదుగా వచ్చేది. అంతే తేడా.

స్టాండులో మాత్రం నవ్వడానికి డ్రైవర్లకు మేము దొరికాం. మా వైపు గజ్జికి పూసేది కానగనూనే.

"ఏమప్పా, ఆటోకు గజ్జి పట్టిందా? కానగనూనె పట్టిస్తాండావంట!"

"ఆటోకు లేదు మామా. నీకుంటే చెప్పు, సీసాలో పోసిస్తా" అనేవాడు తమ్ముడు.

"దీని ఎనకాల పోతే ఒక్క దోమ మిగల్దు. మా ఈదిలో రెండు సుట్లు తిప్పించప్పా, నీకు పున్నెముంటాది."

నవ్వులు నవ్వులే, స్టాండు పెద్ద అడ్డు చెప్పలేదు. కానగనూనె కిరసనాయిలు కాదు గదా అన్నాడు. రెండేళ్ళు అట్లాగే నడిపాం. గింజలు నావి, తోలడం తమ్మునిది.

మూడో ఏడు వానాకాలంలో ఊరంతా కీళ్ళు పట్టేసే జ్వరం వచ్చింది. తమ్మునికీ వచ్చింది. మంచం దిగితే కాళ్ళు వంగవు, పిడికిలి మూసుకోదు. రోజులు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఏడు, ఎనిమిది. బదులు తోలడానికి ఇంకో డ్రైవరు దొరకలేదు, ఊళ్ళో అందరూ మంచాల మీదే ఉన్నారు. ఎనిమిదో రోజు తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"పదో రోజు పొద్దున్నే వంతులో నిలబడల్లక్కా. లేకుంటే వాడు కాచుకోనుండాడు" అన్నాడు. వాడు అంటే మా నంబరు కోసం ఎదురుచూస్తున్న మనిషి. కొత్త ఆటో కొని, నంబరు లేక, నెల రోజులుగా స్టాండు బయట నిలబెట్టుకున్నాడు.

డబ్బాలో డీజిల్ అడుగున ఉంది. వారం పైగా బండి తిరగలేదు కాబట్టి కొనడానికి చేతిలో దుడ్లు లేవు. వండిన నూనె అయిపోయింది. మూట గింజలు మాత్రం ఉన్నాయి. ముదిగుబ్బ దాకా నూనెతో పోతే మొదటి ట్రిప్పు చార్జీలతో డీజిల్ పోయించుకోవచ్చు. తొమ్మిదో రోజు మూట నెత్తిన పెట్టుకుని గానుగకు పోయాను.

కరెంటు మధ్యాహ్నం దాటాక వచ్చింది. రెండు గంటలే ఉంటుందన్నారు. నా ముందు ఇంకొకరి ఆముదాలు. నా వంతు వచ్చేసరికి గంట పైగా అయిపోయింది. గింజలు నెలల తరబడి ఎండి రాళ్ళయ్యాయి, నూనె దిగడం లేదు.

"ఇంకొన్ని నీళ్ళు చల్లప్పా" అన్నాను గానుగ మనిషితో.

"సాలమ్మా. ఎక్కువైతే నూనెలోకి దిగుతాది."

"దిగితే వండుకుంటాలే. కరెంటు పోయేలోగా అయిపోవల్ల."

"నీ ఇష్టం. నన్ననగాకు" అంటూ చెంబుతో చల్లాడు. నూనె దిగింది.

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. నూనె వండాలంటే ఒక పూట. అది చల్లారి తేరాలంటే ఇంకో రోజు. పొద్దున్నే బండి పోవాలి. సరే, చూద్దామని ప్రమిదలో కొంచెం పోసి వత్తి వెలిగించాను. దీపం చిటచిటమంది. మంట ఎగిరెగిరి పడింది.

మా అత్త గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పొయ్యి నవ్వితే, దీపం నవ్వితే చుట్టాలొస్తారని మా వైపు మాట.

"దీపం నవ్వుతాందే. రేపు ఎవరో వస్తారు మనింటికి" అంది అత్త.

"వస్తే రానీలే అత్తా" అన్నాను.

అది నవ్వు కాదని నాకు తెలుసు. రెండేళ్ళు నూనె వండినదాన్ని, నీళ్ళ చప్పుడు తెలియక కాదు. ఆ మాట చెవికి బాగుంది కాబట్టి అదే పట్టుకున్నాను. చీర మడతల్లో రెండుసార్లు వడగట్టాను. నలుసు ఆగుతుంది గానీ నీళ్ళు ఆగుతాయా? డబ్బాలో ఉన్న డీజిల్ కలిపి బండిలో పోశాను. వండలేదని తమ్మునికి చెప్పలేదు.

పదో రోజు పొద్దున నేను కూడా బండెక్కాను. తమ్ముని చేతులకు బలం లేదు, స్టార్టింగు లివరు ఇద్దరం కలిసి గుంజాలి. ఊళ్ళో అయిదుగురు ఎక్కారు. అందులో ఒక ముసలాయన, ఆయన ఒళ్ళో గొర్రెపిల్ల. రెండు మైళ్ళు బాగానే పోయింది. తర్వాత ఇంజను దగ్గినట్టు ఊగింది. ఇంకొంచెం పోయి ఆగిపోయింది. లివరు ఎంత గుంజినా పలకలేదు. ముదిగుబ్బ ఇంకో మైలు ఉంది.

"అక్కా, నూనె వండినావు గదా?" అన్నాడు తమ్ముడు.

నేను బండి దిగి నిలబడ్డాను. వాడికి అర్థమైంది.

"దిగండప్పా, నూకల్ల" అన్నాడు జనంతో.

"ఎక్కినందుకు మేం నూకల్లనా? అట్లైతే చార్జీ నువ్వే మాకియ్యల్ల" అన్నాడు ముసలాయన. అంటూనే దిగి, గొర్రెపిల్లను నా చేతిలో పెట్టి భుజం ఆనించాడు. మైలు దూరం తోసుకుంటూ పోయి బండిని వంతులో నిలబెట్టారు.

కాచుకుని ఉన్న మనిషి అప్పుడే వచ్చాడు. "నూకొచ్చిన బండి వచ్చినట్టేనా అన్నా? కిరసనాయిలు పోసుంటారు. లేకుంటే ఎందుకు నిలబడతాది?" అన్నాడు స్టాండు పెద్దతో.

స్టాండు పెద్ద లేచాడు. టీ అంగట్లో గాజు గ్లాసు ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. బండి కింద కూర్చుని డీజిల్ ఫిల్టరు బోల్టు విప్పి గ్లాసు పట్టాడు. గ్లాసును ఎండకు పెట్టి చూశాడు. పైన నూనె, కింద రెండు వేళ్ళ మందం నీళ్ళు. వాసన చూశాడు.

"కిరసనాయిలు కాదు. నీళ్ళు. యాడ పడినాయి ఇవి?"

తమ్ముడు నా వైపు చూడకుండా చెప్పాడు. "బంకులోనే కలిపినారేమో అన్నా. ఆడ పోసిందే ఇది."

"బంకు తప్పైతే మనందరి బండ్లకూ ముప్పే. పదండి, పోయి అడుగుదాం. ఈ బండి బాగయ్యేదాకా నంబరు యాడికీ పోదు" అన్నాడు పెద్ద.

నలుగురైదుగురు డ్రైవర్లు లేచారు. బంకులో డీజిల్ పోసే మనిషి ఎదురుగా అంగట్లోనే టీ తాగుతున్నాడు. ఈ మాటలు విని గ్లాసు కింద పెట్టాడు. వాళ్ళు అతని వైపే నడుస్తున్నారు.

"బంకు కాదన్నా. నేనే" అన్నాను.

"అక్కా, నువ్వూరుకో" అన్నాడు తమ్ముడు.

"గానుగలో నీళ్ళు నేనే ఎక్కువ చల్లించినా. వండకుండా పోసినా. వీనికి తెలీదు."

పెద్ద నన్ను ఎగాదిగా చూశాడు. "నీళ్ళు లోపలికి పోతే ఇంజను చెడతాదని తెలీదామ్మా?"

"తెలుసన్నా. దీపం పెట్టి చూసినా. చిటచిటమన్నాది. అయినా పోసినా."

ఎవరో నవ్వారు. డ్రైవర్లు వెనక్కి వచ్చి కూర్చున్నారు. బంకు మనిషి మిగిలిన టీ తాగి పోయాడు. నిజం చెప్పాను కాబట్టి నంబరు ఉంచుతానని పెద్ద అనలేదు. అంటాడని నేనూ అనుకోలేదు. "ఈ పొద్దు సాయంత్రం లోపల బండి కదిలితే నంబరు నీదే. కదలకపోతే ఇంగ నా చేతిలో లేదు" అన్నాడు.

మెకానిక్ వచ్చి పంపు విప్పాడు. లోపల దెబ్బతింది, అనంతపురం తీసుకుపోవాలన్నాడు. పొద్దు వాలేదాకా నేను, తమ్ముడు బండిలోనే కూర్చున్నాం. ఎవరో రెండు సార్లు టీ పంపించారు. ఆరు గంటల బస్సు పోయాక తమ్ముడు లేచి, గుడ్డ తడిపి, ముందు అద్దం మీద తెల్లరంగుతో రాసి ఉన్న పదకొండును తుడిచాడు. తడిగుడ్డకు పోలేదు. బ్లేడు తెచ్చి గీకాడు.

పంపు బాగుచేయించడానికి మూడు వారాలు పట్టింది. నంబరు లేని ఆటో ఇంటి ముందు నిలబడింది. పెళ్ళిళ్ళకు, ఆసుపత్రికి ఎవరైనా అడిగితే పోయేది. తర్వాత అమ్మేశాం. కానగ గింజలు కొనడానికి మరుసటి ఏటి నుంచి వ్యాపారులు ఊళ్ళోకే వచ్చారు. వాళ్ళకు అమ్మాను. ఆ నూనె ఏ బండ్లలోకి పోయిందో నాకు తెలియదు.

మా నంబరు తీసుకున్న మనిషికి కదిరిలో ఇంకో వ్యాపారం ఉంది. ఆటో తోలడానికి నమ్మకమైన డ్రైవరు కావాలని నెల తర్వాత తమ్ముణ్ణే అడిగాడు. తమ్ముడు రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నాడు. దారి అదే, స్టాండు అదే, జనం వాళ్ళే.

మొదటి వారంలో ఒకనాడు నేను ముదిగుబ్బకు పోవడానికి ఆ ఆటో ఎక్కాను. దిగేటప్పుడు చార్జీ చేతిలో పట్టుకుని, ఇవ్వాలో వద్దో తెలియక నిలబడ్డాను. వెనక ఇంకా నలుగురు దిగుతున్నారు.

"ఇయ్యక్కా" అన్నాడు తమ్ముడు. "బండి మనది కాదు."

ఇచ్చాను. జేబులో వేసుకుని చిల్లర తిరిగి ఇచ్చాడు.