నైరుతి కిటికీ

పుంగనూరులో మా పాత వీధికి వెళ్తే ఇప్పుడు ముందుగా తగిలేది ఏసీలు సందులోకి ఊదే వేడి, దానితో కలిసిన దుమ్ము వాసన. ఎండలు ముదిరాయని అందరూ ఆకాశాన్ని తిడతారు. నేను వాళ్ల మాట నమ్మను.

తొంభైలలో, నా చిన్నతనంలో, ఆషాఢం వచ్చిందంటే నైరుతి గాలి మా పడకింటి కిటికీలో దూరి, దండెం మీది చీరలను ఎగరేసి, వంటింట్లో చెనక్కాయ పొట్టు పొయ్యి పొగను ఊడ్చుకుని, మేము గచ్చకాయలాడే వసారా దాటి, వెనకింటి కిటికీలోకి పోయేది. ఉబ్బసంతో బాధపడే మా అవ్వ మంచం మా పడకింటి కిటికీ కిందే.

రెండేళ్లు వరసగా చెనక్కాయ పంట ఎండితే మా నాయన మదనపల్లె నుంచి వాస్తు పండితుణ్ణి పిలిపించాడు. నైరుతిలో కిటికీ ఉంటే ఇల్లు నిలవదన్నాడాయన. పెరట్లోని పట్టుపురుగుల షెడ్డుకూ అదే దిక్కున కిటికీ ఉంది.

“అదీ మూసెయ్యప్పా,” అన్నాడు పండితుడు.

“అది మూస్తే పురుగులు ఊపిరాడక సచ్చిపోతాయి సామీ!” అన్నాడు నాయన.

“అవ్వకు ఊపిరి ఒద్దా నాయనా?” అన్నాను.

“నువ్వు లోపలికి పో పాపా.”

ఇంటి కిటికీని ఇటుకలతో మూశారు, షెడ్డుది తెరిచే ఉంచారు. పొగ ఇంట్లోనే నిలిచింది, అవ్వ ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఆ ఏడు మాకు పట్టుగూళ్లు బాగా వచ్చాయి. వచ్చింది తెరిచిన కిటికీ వల్ల. వీధి మాత్రం మూసిన కిటికీ మహిమ అనుకుని, ఇంటి వెనక ఇల్లు, వరసగా తమవీ మూసుకుంది.

ఒక ఉదయం అవ్వ దిండు చంకన పెట్టుకుని షెడ్డుకు నడిచింది. “నాకన్నా పురుగులే మేలు గదరా నీకు! నా మంచం ఈడెయ్యి,” అంది. నాయన తలెత్తకుండా మంచం మోశాడు. పురుగులకు ఘాటు పడదని అక్కడికి తాలింపు పొగ కూడా సోకనిచ్చేవాడు కాదు. వేల పురుగులు మల్బరీ ఆకు కొరికే చిరుజల్లులాంటి చప్పుడులో అవ్వ ఊపిరి నెమ్మదించింది. మళ్లీ ఇంట్లో పడుకోలేదు. ఆ షెడ్డులోనే కన్నుమూసింది.

షెడ్డు పోయింది, మల్బరీ తోట ప్లాట్లయింది. ఈమధ్య మునిసిపాలిటీ వాళ్లు ఊరిని చల్లబరచడానికి ఇళ్ల మధ్య గాలికి దారులు వదులుతారట, కొలతలు తీస్తున్నారు. మంచి పనే, చేసేవాళ్ల మీదే నా అనుమానం. టేపు పట్టుకున్న కుర్ర ఇంజనీరును, మీ ఇంటికి నైరుతిలో కిటికీ ఉందా అని అడిగాను.

అతను నవ్వాడు. “యాడుంటాది మేడం? మాయమ్మ ఒప్పుకోదు.”