బాలామణి కట్టిన నల్లతాడు

జగ్గయ్యపేటలో తండ్రి కిరాణా కొట్టు వదిలేసి లక్ష్మీకాంత్ కార్ల వైర్ల వెంట పడినప్పుడు బంధువులంతా నవ్వారు. ఇప్పుడు నందిగామ హైవే పక్కన అతని షెడ్డు ఎప్పుడూ ఖాళీగా ఉండదు. మనిషి మహా మొండి. రోగం దొరక్కుండా బండిని గుమ్మం దాటనివ్వడు. ఆ మొండితనం ఇవాళ సొంత బావమరిది నరేంద్ర మీదే పడింది.

"బావా, ఆ ఏబీఎస్ లైటు పీకెయ్, పోతా. కిరాయి ఒప్పుకున్నా, నెలలు నిండినావిడని బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఆవిడ ఇంటివాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు."

"మొన్న కీసర దగ్గర ఏమైందో మర్చిపోయావా?"

మొన్న వానలో నరేంద్ర బ్రేకు తొక్కితే టైర్లు బిగుసుకుపోయి, కారు డివైడరు దాకా జారింది. అలా బిగుసుకోకుండా కాపాడేదే ఏబీఎస్; చక్రం దగ్గరి సెన్సరు నుంచి కబురందకపోతే అది పనిచెయ్యదు, లైటు వెలుగుతుంది. ఆ తర్వాత ముందు చక్రం సెన్సరు కొత్తది వేసినా లైటు మళ్ళీ వెలిగింది. బయట వాన పెరుగుతోంది.

లక్ష్మీకాంత్ చక్రం ఊడదీసి, సెన్సరు వైరు రెండు కొసలకీ మీటరు తగిలించాడు. మీటరు కుయ్యిమంది. అంటే వైరు బాగున్నట్టే. అన్నం క్యారేజీతో వచ్చిన భార్య బాలామణిని పిలిచి స్టీరింగు తిప్పమన్నాడు. ఎడమకి తిప్పింది. కూత ఆగలేదు. కుడికి పూర్తిగా తిప్పింది. కూత ఠక్కున ఆగిపోయింది.

లక్ష్మీకాంత్ వైరు వెంట వేలు పోనిచ్చి, దానికి చుట్టిన నల్లతాడు దగ్గర ఆగాడు. సెన్సరు మార్చిన రోజే దాన్ని చూశాడు. తమ్ముడికి దిష్టి తగలకూడదని అమావాస్యనాడు బాలామణి కట్టింది. చేతికందిన వైరుకే చుట్టి, పక్కనున్న ఇనపకడ్డీకి బిగించింది. రక్షగా కట్టిన ముడిని గ్రీజు చేత్తో విప్పకూడదని, దణ్ణం పెట్టుకుని దాని జోలికి పోలేదు తను. చక్రం కుడికి తిరిగినప్పుడల్లా ఆ తాడు వైరుని గుంజి, లోపలి రాగిని తెంపుతోంది. తన బుద్ధి గడ్డి తిన్నదని తిట్టుకున్నాడు.

"బాలా, దిగు. నువ్వు కట్టిన ముడి నువ్వే విప్పు."

ఆమె దిగి తాడుకి చెయ్యి అడ్డం పెట్టింది. "అది విప్పేసి, ఈ వానలో వీణ్ణి ఆ రోడ్డు మీదికే పంపమంటారా?"

"అది వాణ్ణి కాయట్లేదే. వాడి బ్రేకుని చెడగొడుతోంది. మొన్న జారింది కూడా దానివల్లే. చూసీ ఊరుకున్నా, నాదీ తప్పే."

తడికి ముడి బిగిసిపోయింది. బాలామణి ఏడుస్తూనే గోళ్ళతో విప్పింది. అతను తెగిన రాగిని అతికించి, తొడుగేసి, వైరుని కాస్త వదులుగా ఉంచి దాని పాత క్లిప్పుల్లో కూర్చోబెట్టాడు. స్టీరింగు ఎటు తిప్పినా కూత ఆగలేదు. చక్రం బిగించి, తనే సర్వీసు రోడ్డు మీద నడిపి బ్రేకు తొక్కి చూశాడు. లైటు ఆరింది. అప్పుడు గానీ తాళాలివ్వలేదు.

నరేంద్ర వెళ్ళాక ఇద్దరూ అన్నం ముట్టలేదు. ఫోను మోగగానే బాలామణి ఎత్తి స్పీకరు పెట్టింది.

"అక్కా, పక్కన ఆపి చేస్తున్నా. కీసర దగ్గర గేదె అడ్డమొచ్చింది. గట్టిగా తొక్కా. కాలికింద బ్రేకు దడదడలాడింది గానీ, బండి ఎక్కడిదక్కడ నిలబడింది. ఆవిడకేం కాలేదు."

బాలామణి భోరుమంది. తాడు ఇంకా పిడికిట్లోనే ఉంది.

"వాడొచ్చాక కారు లోపలి అద్దానికి కట్టుకుందువులే," అన్నాడు లక్ష్మీకాంత్.

"వద్దండి. రోడ్డు కనపడదేమో."

తాడు అతని చేతిలో పెట్టి, తన మణికట్టు చాచింది.

"వదులుగా కట్టండి," అంది.