మామ్మ జట్టు ఓడిన వేసవి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొద్దున్నే దేవుడి దగ్గర దీపం వెలిగాక, ఆ తరవాత వెలిగేది కంప్యూటరు. నాన్నగారి ఉద్యోగం ఐర్లండులో. కార్క్ నగరం పక్కన బాలింకాలిగ్‌లో ఉండేవాళ్ళం. నేను బడికి వెళ్ళలేదు. అమ్మే వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి లెక్కలూ, ఇంగ్లీషూ, పద్యాలూ నేర్పేది. వీధిలోని పిల్లలంతా యూనిఫారాలు వేసుకుని వెళ్ళిపోయాక నాతో మాట్లాడే మనిషి ఒక్కరే మిగిలేవారు. ఆవిడే పక్కింటి మామ్మ.

మామ్మ ఆ ఊరి మనిషే. పెళ్ళయిన కొత్తలో అమెరికా వెళ్ళి, సగం జీవితం అక్కడే గడిపి, భర్త పోయాక తిరిగొచ్చింది. ఆయన ఒక పెద్ద బేస్‌బాల్ జట్టు మైదానంలో గడ్డి కోసే పని చేసేవారట. మామ్మ వెంట తెచ్చుకున్న సామానులో సగం పాత నోటుపుస్తకాలే. ఏడాదికొకటి చొప్పున, ఆ జట్టు ఆడిన ప్రతి ఆటా వాటిలో ఉంటుంది. అక్కడి జట్లు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా దాదాపు రోజూ ఆడతాయి. మామ్మకి కంప్యూటరు లేదు. అందుకని రాత్రి అమెరికాలో జరిగిన ఆట ఫలితాన్ని పొద్దున్నే మా ఇంట్లో చూసి, కాగితం మీద రాసి, ఆవిడకి అందించే పని నాది. ఫోను లైను మీద ఇంటర్నెట్టు వచ్చే రోజులవి. ఒక్క పేజీ తెరుచుకునేలోపు అమ్మ నాచేత పద్యం మొత్తం అప్పజెప్పించుకునేది.

బేస్‌బాల్‌లో రెండు జట్లూ వంతులవారీగా తొమ్మిదేసి సార్లు బ్యాటింగ్ చేస్తాయి. నేను రెండు వరసల గడులు గీసి, ఏ వంతులో ఎన్ని పరుగులొచ్చాయో వేసుకుని వెళ్ళేదాన్ని. మామ్మ కళ్ళద్దాలు సర్దుకుని వాటిని తన పుస్తకంలోకి సిరా కలంతో ఎక్కించుకునేది. పెన్సిలు ముట్టేది కాదు.

ఆ ఏడు ఆ జట్టు ఓడుతూనే ఉంది. మే నెల దాటేసరికే పట్టికలో అట్టడుగుకి చేరింది. ఐర్లండులో మాత్రం ఆ రోజుల్లో ఓటమన్న మాటే వినపడేది కాదు. ఎటు చూసినా క్రేన్లు, కొత్త ఇళ్ళు, కొత్త కార్లు. నిక్షేపంలాంటి వంటిళ్ళు పీకేసి మళ్ళీ కట్టించుకునేవారు. అలాంటి వీధిలో మామ్మ ఒక్కతే రోజూ పొద్దున్నే ఒక ఓటమి రాసుకునేది. ఉత్తరాలు తెచ్చే పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి ఏడిపించేవాడు.

"ఇంకా ఆ బ్యాచ్‌తోనే ఉన్నారా మిసెస్? ఇక్కడ మన కార్క్ జట్టు వాళ్ళు గెలిచేస్తున్నారు, ఇటు వచ్చెయ్యండి!"

"గెలిచేవాళ్ళకి నువ్వున్నావుగా, నేనెందుకు? ఉత్తరాలిచ్చి నడువు," అనేది మామ్మ.

ఆవిడ అలా గదమాయించినా, ఓటమి రాసేటప్పుడు ఆ ముఖం చూస్తే నాకు గుండె తరుక్కుపోయేది. రోజూ వెంకటేశ్వరస్వామికి దణ్ణం పెట్టి, "స్వామీ, ఇవాళ ఒక్కటి గెలిపించు," అని అడిగేదాన్ని. బాలింకాలిగ్‌లో కొబ్బరికాయ దొరకదని తెలిసి కూడా కొబ్బరికాయ మొక్కుకున్నాను. ఆగస్టు వచ్చింది. రెండు వారాలు వరసగా ఓడారు. స్వామి వినలేదు. అప్పుడిక ఆయన పని నేనే చేసేశాను.

గడులన్నీ నా ఇష్టమొచ్చినట్టు నింపుకుని, "గెలిచారు మామ్మా! సొంత మైదానంలో!" అంటూ పరిగెత్తాను. మామ్మ ఆ కాగితం కేసి చాలాసేపు చూసింది. "గ్రాండ్," అంది. ఆ ఊళ్ళో ఆ మాటకి బాగుందనీ అర్థమే, ఇంకేమీ అడక్కు అనీ అర్థమే. పుస్తకం మాత్రం తెరవలేదు. తరవాత రాసుకుంటాలెమ్మంది. మర్నాడు కూడా గెలిపించాను. మూడోనాడు కూడా. అబద్ధం ఇంత తేలికగా ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

నాలుగోనాడు, ముందు రాత్రి ఆట లేకపోయినా, వెళ్ళేసరికి మామ్మ బల్ల మీద కొత్త గుడ్డ పరిచి ఉంది. మేము గుడ్డు తినమని, కేకు బదులు కిస్‌మిస్‌లు వేసి సోడా బ్రెడ్ చేసింది. పక్కన వెన్న, జాము. అమ్మ అప్పటికే కుర్చీలో ఉంది. పోస్టుమాన్ టీ కప్పు పట్టుకుని గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు.

"వరసగా మూడు గెలిచాం. పండగ చేసుకోవద్దూ?" అంది మామ్మ, నా చేతిలో పెద్ద ముక్క పెడుతూ.

"తప్పయిపోయింది మిసెస్, ఇంకెప్పుడూ ఏడిపించను," అని పోస్టుమాన్ టోపీ తీశాడు.

"మా పిల్ల రోజూ స్వామిని అడుగుతోందండీ. ఆయనే విన్నాడు," అంది అమ్మ. ఆ కళ్ళలో నీళ్ళు.

ఆ ముక్క తిరిగి బల్ల మీద పెట్టేశాను. మామ్మని మోసం చేశానన్నది ఒక ఎత్తు. నా దొంగపనిని అమ్మ స్వామి పేరున చెప్పి సంతోషపడడం ఇంకో ఎత్తు. "గెలవలేదు. మూడూ ఓడిపోయారు. నేనే రాశాను," అనేశాను.

పోస్టుమాన్ టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. "ఏమిటే నువ్వు చేసిన పని!" అని అమ్మ లేవబోతే మామ్మ చెయ్యి అడ్డం పెట్టింది. అలమర తెరిచి నా మూడు కాగితాలూ తీసి, తొమ్మిదో గడి మీద వేలు పెట్టింది.

ప్రతి వంతులోనూ సొంత మైదానంలో ఆడే జట్టు రెండోదిగా బ్యాటింగ్ చేస్తుంది. అవతలివాళ్ళ తొమ్మిదో వంతు అయ్యేసరికే మనవాళ్ళు ముందుంటే, ఆట అక్కడికి ముగిసినట్టే. మనవాళ్ళ తొమ్మిదో గడిలో అంకె రాదు, అడ్డగీత వస్తుంది. నేను మూడు రోజులూ ముందున్న జట్టుచేతే మళ్ళీ పరుగులు తీయించాను. అవతలివాళ్ళ ఊళ్ళో ఓడినప్పుడల్లా వాళ్ళ గడిలో ఆ గీత దించుకున్నాను గానీ, అదెందుకో ఎప్పుడూ అడగలేదు. మనవాళ్ళు సొంత ఊళ్ళో గెలవడం ఎన్నిసార్లు చూశాను గనక! మామ్మకి మాత్రం మొదటిరోజే తెలిసిపోయింది. నా నోటితో నేనే చెప్పాలని ఆగింది.

"నేను అడిగింది ఏం జరిగిందో చెప్పమని. నా మీద జాలిపడమని కాదు," అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. "వాళ్ళు ఎండలో నిలబడి ఓడిన ఆటలవి. అవి నావి. వాటిని నా దగ్గర్నించి లాక్కునే హక్కు నీకెవరిచ్చారు? జట్టు ఆఖరి స్థానంలో ఉన్న ఏడు కూడా మా ఆయన గడ్డి అంత నున్నగానే కోశాడు. ఓడే జట్టని వంకరటింకరగా కోస్తామా?"

నేను ఏడుస్తున్నాను. మామ్మ ఎప్పుడూ చేతిలో ఉండే జపమాల పక్కన పెట్టి నా గడ్డం పట్టుకుని తల పైకెత్తింది. "దేవుడు చెయ్యకుండా వదిలేసిన పని నీకు అప్పజెప్పాడనుకున్నావా, అమ్మాయ్?"

తరవాత అసలు ఫలితాలు చూసి రమ్మని పంపి, తన సిరా కలం నా చేతికిచ్చి, ఆ మూడు ఓటములూ నాచేతే పుస్తకంలో రాయించింది. ఒకచోట సిరా మరక కూడా పడింది.

మర్నాడు నేను వెళ్ళలేదు. ఆ ఇంటి తలుపు నాకిక తెరుచుకోదనీ, ఉన్న ఒక్క స్నేహమూ నా చేతులతో పోగొట్టుకున్నాననీ మంచం మీద ముసుగు పెట్టి పడుకున్నాను. బయట జోరున వాన. తొమ్మిదింటికి మా కాలింగ్ బెల్లు ఆగకుండా మోగింది. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే, గొడుగైనా లేకుండా, మామ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"నా జట్టు ఎంత చిత్తుగా ఓడిందో చెప్పే మనిషే లేదా ఈ ఇంట్లో?"

పరిగెత్తుకెళ్ళి కంప్యూటరు పెట్టాను. ఆ పేజీ అంత నెమ్మదిగా ఎప్పుడూ రాలేదు. "పద్నాలుగు, ఒకటి," అన్నాను.

"ఒకటి ఎవరికి?"

"మనకి."

మామ్మ వెనక్కి తిరిగి, వీధి చివర తడుస్తూ వస్తున్న పోస్టుమాన్‌కి వినపడేలా అరిచింది. "పద్నాలుగు, ఒకటి! విన్నావా? ఒకటి మాది!" ఆయన వానలోనే టోపీ తీసి వంగి దణ్ణం పెట్టాడు. సెప్టెంబరు ఆఖరి ఆట కూడా ఓడాం. జట్టు అట్టడుగునే ఉండిపోయింది. ప్రతి ఆటా ఉన్నదున్నట్టు చెప్పాను.

మామ్మ ఇప్పుడు లేదు. అలాంటి మనిషిని మా పక్కింట్లో ఉంచినందుకు భగవంతుడికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తీరదు. పెళ్ళయ్యాక నా మొదటి బిడ్డ రోజులు నిండకుండానే పోయింది. చుట్టాలంతా నా మంచి కోరే, "అది బిడ్డ కిందికి రాదమ్మా, మర్చిపో," అన్నారు. నేను కోప్పడలేదు, మర్చిపోనూ లేదు. ఆ తరవాత స్వామి దయవల్ల ఇద్దరు పుట్టి, నా కళ్ళముందే పెరిగారు. పేరంటాల్లో ఎవరైనా, "మీకు ఎంతమంది పిల్లలండీ?" అని అడిగితే నా పక్కన కూర్చున్నవాళ్ళు ఇద్దరని చెప్పబోతారు. నేను వాళ్ళని ఆపి, ముగ్గురని చెబుతాను.