ఉప్పు చూడమ్మా

నా చిన్నప్పుడు మా ఇంట్లో కూరకు ఉప్పు చూసే పని ఇంటివాళ్ళది కాదు, గడప తొక్కిన వాళ్ళది. నడికుడిలో మా ఉమ్మడి కుటుంబానికి పెద్దదిక్కు మా పెద్దమ్మ, అంటే మా నాన్నకు వదిన. వరండాలో బాలవాడి నడిపేది కాబట్టి ఊరందరికీ టీచరమ్మ. రైలు తప్పినవాళ్ళు, దారి అడగడానికి ఆగినవాళ్ళు, ఎవరు కనబడినా పొయ్యి దగ్గర నుంచే కేకేసేది. "ఇటు రా నాయనా, కాస్త ఉప్పు చూసి పో. వండిన చెయ్యి రుచి చూడకూడదంట." నైవేద్యానికి తప్ప అలాంటి పట్టింపు మా ఊళ్ళో ఎవరికీ లేదు. ఆవిడ ఎందుకలా అంటుందో నాకూ చాలాకాలం అర్థం కాలేదు.

ఒక రోజు బాలవాడికి రావలసిన గోధుమ నూక రాలేదు. ఉప్మా లేదు కాబట్టి మధ్యాహ్నమే పిల్లలను ఇళ్ళకు పంపేసింది. సున్నపు బట్టీలో పనిచేసేవాళ్ళ పిల్ల ఒకతి మాత్రం మెట్టు మీదే కూర్చుండిపోయింది. కొత్తగా చేరిన పిల్ల. వాళ్ళమ్మ పొద్దుగూకితే గాని బట్టీ నుంచి రాదు. దాని మొహం పీక్కుపోయి ఉంది. నేను ఉండబట్టలేక, అన్నం తింటావా అని అడిగాను. "పొద్దున్నే తినొచ్చా," అంది తలొంచుకుని.

ఇంతలో పెద్దమ్మ పళ్ళెంతో వచ్చింది. వేడన్నం, మీద దోసకాయ పప్పు. ఉప్పు చూడవే తల్లీ అని దాని ముందు పెట్టింది. ఆ పిల్ల వేలి కొసతో నాకి, సరిపోయిందంది. "వేలికంటితే ఏం తెలుస్తదే? ముద్ద కలుపుకో," అని కసిరింది పెద్దమ్మ. ముద్ద తిన్నాక, అటు పక్క ఎట్టుందో చూడమంది. అలా చూస్తూ చూస్తూ పళ్ళెం ఖాళీ చేసింది ఆ పిల్ల. చివరికి పెద్ద ఆరిందాలా, "సరిపోయింది టీచరమ్మా," అని తీర్పు చెప్పింది. పెద్దమ్మ కూడా అమ్మయ్య అని గుండె మీద చెయ్యేసుకుంది.

నేనడిగితే వద్దన్న పిల్ల పళ్ళెం ఖాళీ చేసేసరికి నాకు ఒళ్ళు మండింది. లోపలికెళ్ళాక, తిన్నానని చెప్పింది కదా, మళ్ళీ పెట్టావేందని నిలదీశాను.

"నువ్వు తింటావా అంటే అదేం చెప్పుద్దే? లేనోళ్ళు చానామంది తిన్నామనే అంటారు. కడుపు సంగతి అడగమాక. పళ్ళెం ముందు పెట్టి పని చెప్పు," అంది.

వానలకు బట్టీ ఆగిపోయింది. ఆ పిల్ల కుటుంబం ఎటు పోయిందో తెలియదు. తరవాత బాలవాడీ పోయింది. మా ఉమ్మడి కుటుంబం కూడా ఎవరి పొయ్యి వాళ్ళదయి చెదిరిపోయింది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. పెద్దమ్మ నరసరావుపేటలో నా దగ్గరే ఉంటోంది. మతిమరుపు జబ్బు. ఇక నయమయ్యేది కాదని డాక్టరు చెప్పేశాడు. నేనెవరో తెలియదు. పరాయి ఇంట్లో ఉన్నాననుకుంటుంది, అన్నం పెడితే మొహమాటపడుతుంది. మా పెద్దమ్మకు మొహమాటం! ఇది చూడటానికా నేను బతికున్నది అనిపించేది. అప్పుడు ఆవిడ మంత్రమే ఆవిడ మీద వేశాను. పళ్ళెం ముందు పెట్టి, ఉప్పు చూడమ్మా అన్నాను. గబగబా కలుపుకుని తింది. కొన్నాళ్ళు అలాగే గడిచింది. తక్కువైందని ఒకసారి నన్ను తిట్టింది కూడా. ఆ తిట్టుకు నాకెంత సంతోషమో!

ఈ మధ్యనే అదీ ఆగింది. ఆ రోజు కావాలనే దోసకాయ పప్పు చేశాను. ఉప్పు చూడమ్మా అన్నాను. పళ్ళెం వంక చూసింది, నా వంక చూసింది. పైట సర్దుకుని తలొంచుకుంది.

"వద్దమ్మా, పొద్దున్నే తినొచ్చా," అంది.

పొద్దున నేను పట్టించబోయిన కాఫీ చుక్క కూడా ఆవిడ నోట్లోకి పోలేదు. ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే పెదాలు బిగించింది. అప్పటినుంచి ఇదే వరస. మనిషి చిక్కి మంచానికి అతుక్కుపోయింది. అయినా పూటపూటా పళ్ళెం తీసుకెళ్తాను. తింటావా అని ఒక్కనాడూ అడగలేదు. ఉప్పు చూడమ్మా అనే అంటాను. ఆవిడ నాకు నేర్పిన విద్య అదొక్కటే. అది ఆవిడ దగ్గరే చెల్లడం లేదు.